బీటెక్ మధ్యలో మానేసి పైలట్ కోర్సులో చేరొచ్చా?

జగిత్యాల దగ్గరి ఒక ఊరి నుంచి ఇరవై ఏళ్ళ అబ్బాయి పెద్ద ఉత్తరమే రాశాడు. పేరు వేయొద్దన్నాడు. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులే వచ్చాయి. చిన్నప్పటి నుంచీ పైలట్ కావాలని ఉండేది కానీ, ఇంట్లో ఎవరికీ ఆ దారి తెలియక ఎంసెట్ రాసి బీటెక్‌లో చేరిపోయాడు. నాన్నకు ఎరువుల దుకాణం. కరీంనగర్‌లో 200 గజాల ప్లాటు ఉంది, ఇంటర్ చదువుతున్న చెల్లి పెళ్ళి కోసం కొన్నది. అమ్మితే 45 లక్షల దాకా వస్తుందట.

గత నెల అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, "48 లక్షలకు లైసెన్స్ చేతిలో పెడతాం, పద్దెనిమిది నెలల్లో ఎయిర్‌లైన్‌లో ఉంటావు, ఈ నెల 25లోపు మూడు లక్షలు కట్టి సీటు బ్లాక్ చేసుకో" అన్నారట. డల్లాస్‌లో ఉన్న మేనమామేమో "అక్కడ దేనికిరా, ఇక్కడికే వచ్చెయ్, ఇక్కడ పైలట్లు దొరకడం లేదు" అంటున్నాడు. అమ్మ భయపడుతోంది. నాన్న మాత్రం "నీ ఇష్టం" అని ఊరుకున్నాడు. "ఆయన తిట్టినా బాగుండేది. ఆ మాట అన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. నాకు కళ్ళజోడు ఉంది, మైనస్ రెండున్నర. ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే టెన్షన్. బీటెక్ మానేసి ఇప్పుడే చేరాలా, పూర్తయ్యాక చేరాలా, అసలు ఈ ఆలోచనే వదిలేయాలా?" అని అడిగాడు.

బాబూ, ముందు ఆ 25వ తేదీ సంగతి చూద్దాం. నిన్ను నిద్ర పోనివ్వనిది నాన్న మాట ఒక్కటే కాదు, ఆ గడువు కూడా. పైలట్ శిక్షణకు ఇంజినీరింగ్‌లా కౌన్సెలింగ్, బ్లాక్ చేసుకునే సీట్లు ఏమీ లేవు. పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న ఫ్లయింగ్ స్కూళ్ళ జాబితా ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఎవరైనా నేరుగా స్కూలుకు వెళ్ళి మాట్లాడుకోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఇగ్రువాలో చేరాలంటే వాళ్ళు పెట్టే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ కన్సల్టెన్సీకి కట్టే మూడు లక్షలతో నీ చేతికి వచ్చేది ఒక రసీదు మాత్రమే. 25 దాటిపోనివ్వు. 26న వాళ్ళే మళ్ళీ ఫోన్ చేస్తారు.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. నీకు నిజంగా ఎగరాలని ఉందా, లేక ఈసీఈ నుంచి తప్పించుకోవాలని ఉందా అన్నది ఒకటి. చదువు ముందా, శిక్షణ ముందా అన్నది రెండోది. మూడోది డబ్బు ఎవరిది అన్నది. నువ్వు రెండో ప్రశ్న ఒక్కటే అడిగావు. మిగతా రెండూ తేలకుండా దానికి జవాబు దొరకదు.

మొదటిదానికి జవాబు నేను చెప్పలేను కానీ, తక్కువ ఖర్చుతో నువ్వే తెలుసుకోవచ్చు. చాలా స్కూళ్ళు శిక్షకుడి పక్కన కూర్చోబెట్టి అరగంటో గంటో ఎగరనిస్తాయి. కొన్ని వేలు అవుతుంది. సెస్నా 152 లాంటి రెండు సీట్ల చిన్న విమానం లోపల ఎండాకాలం మధ్యాహ్నం ఎంత ఇరుకుగా, వేడిగా ఉంటుందో, గాలికి ఎంత ఊగుతుందో ఒకసారి కూర్చుంటే తెలుస్తుంది. కొందరికి ఆ ఒక్క గంటతోనే మోజు తీరిపోతుంది. దిగాక కూడా మళ్ళీ ఎక్కాలనిపిస్తే అది వేరే సంగతి. బ్యాక్‌లాగ్‌ల గురించి కూడా ఒక మాట. పైలట్ కావడానికి అవి నేరుగా అడ్డు కావు. కానీ అవి ఎందుకు మిగిలాయో నిన్ను నువ్వే అడుగు. సబ్జెక్టు నచ్చకపోతే ఒక రకం. ఎవరూ వెంటపడకపోతే పుస్తకం తెరవలేకపోవడమైతే అది సీపీఎల్‌కూ, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కూ, అడ్డే. అక్కడ నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు చాలావరకు సొంతంగానే చదువుకోవాలి. ఒక్కోదాంట్లో 70 శాతం వస్తేనే పాస్.

ఇక కళ్ళజోడు. సివిల్ పైలట్‌కి కళ్ళజోడు ఉండడం తప్పు కాదు. అద్దాలతో చూపు 6/6కి రావాలి, రంగులు సరిగ్గా గుర్తుపట్టాలి. నీ నంబరు చూసి నేను కంగారుపడటం లేదు. కానీ నా భరోసా చెల్లదు, డీజీసీఏ డాక్టర్ కాగితమే చెల్లుతుంది. ముందు క్లాస్ 2 మెడికల్ చేయించుకో. అది డీజీసీఏ గుర్తించిన డాక్టర్లే చేస్తారు, జాబితా వెబ్‌సైట్‌లో ఉంది. అది పాసయ్యాక క్లాస్ 1. సీపీఎల్‌కి కావాల్సింది క్లాస్ 1. చాలామంది పిల్లలు క్లాస్ 2తో స్కూల్లో చేరి, పది ఇరవై లక్షలు కట్టేశాక క్లాస్ 1కి వెళ్ళి అక్కడ చిక్కుకుంటారు. ఈసీజీలో తేడానో, వినికిడి సమస్యో, తెలియని వర్ణాంధత్వమో అప్పుడు బయటపడుతుంది. ప్లాటు మాట ఎత్తకముందే ఈ రెండు కాగితాలూ నీ చేతిలో ఉండాలి. వీటికయ్యే ఖర్చు వేలల్లోనే. ఎవరో చెప్పారని ముందే లేసిక్ చేయించుకోకు. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ ఎదురుచూడాల్సిన గడువులు, నిబంధనలు ఉన్నాయి.

చదువు ముందా, శిక్షణ ముందా? సీపీఎల్‌కి డిగ్రీ అక్కర్లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండి, పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు. అందుకే "బీటెక్ దండగ" అని నీకు చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాటలోనూ కొంత నిజం ఉంది. ఎయిర్‌లైన్‌లో అంతా సీనియారిటీ మీదే నడుస్తుంది. కెప్టెన్‌గా ప్రమోషన్, ఏ ఊళ్ళో పోస్టింగ్, పండక్కి సెలవు, అన్నీ చేరిన తేదీని బట్టే. ఇరవై ఒకటికి చేరినవాడు ఇరవై నాలుగుకు చేరినవాడి కంటే ఉద్యోగం ఉన్నంతకాలం ముందే ఉంటాడు. ఇప్పుడే మానేస్తే నీకు కలిగే నిజమైన లాభం అదే.

నష్టం ఏమిటంటే, నీ జీవనం మొత్తం ఒక మెడికల్ సర్టిఫికెట్ మీద ఆధారపడుతుంది. దాన్ని ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. ముప్ఫై ఏళ్ళకు షుగరో, గుండె సమస్యో వచ్చి ఆగిపోతే, చేతిలో ఇంటర్ మెమో తప్ప ఏమీ ఉండదు. దానికి విరుగుడుగా దూరవిద్యలో డిగ్రీ ఉంది. హైదరాబాద్‌లో అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, ఇగ్నో ఉంది. శిక్షణ చేసుకుంటూనే పూర్తిచేసినవాళ్ళున్నారు. అయితే దూరవిద్య డిగ్రీ, బీటెక్ ఉద్యోగ మార్కెట్‌లో ఒకటి కావు.

ఇంకో చిక్కు నువ్వు రాయలేదు కానీ రేపు ఎదురవుతుంది. మధ్యలో మానేస్తానంటే మన ప్రైవేటు కాలేజీలు కొన్ని పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ ఆపి, మిగిలిన సంవత్సరాల ఫీజు కట్టమంటాయి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని ఏఐసీటీఈ, యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. రాతపూర్వకంగా అడిగితే, పైకి ఫిర్యాదు చేస్తే దారికొస్తారు. కానీ దానికి సమయం పడుతుంది. డీజీసీఏ పరీక్షలకు కంప్యూటర్ నంబర్ తీసుకోవడానికి ఆ ఇంటర్ సర్టిఫికెట్లే కావాలి. ఏ నిర్ణయం తీసుకున్నా ముందు వాటి సంగతి చూసుకో. ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో ఉంటే మధ్యలో మానేస్తే ఏమవుతుందో కూడా ఆఫీసులో కనుక్కో.

రెండో దారి, బీటెక్ పూర్తిచేయడం. దీన్ని 'రెండేళ్ళు ఆగడం' అనుకుంటేనే భారంగా ఉంటుంది. ఈ రెండేళ్ళలో మెడికల్స్ రెండూ అయిపోతాయి. డీజీసీఏ పేపర్లు ఏడాదికి నాలుగు విడతలు జరుగుతాయి, కాలేజీలో ఉండగానే రాసుకోవచ్చు. పాసైన పేపర్లకు కాలపరిమితి ఉంటుంది కాబట్టి మూడో ఏడాది చివర్లోనో, నాలుగో ఏడాదిలోనో రాయడం మంచిది. పేపర్లన్నీ పాసై ఫ్లయింగ్‌కి వెళ్ళినవాడికి, అక్కడికి వెళ్ళి పుస్తకం తెరిచేవాడికి ఖర్చులోనూ సమయంలోనూ చాలా తేడా ఉంటుంది. పేపర్లు పాసవ్వలేదని గ్రౌండ్ మీద కూర్చోబెడితే హాస్టల్ బిల్లు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. బీటెక్ అయ్యాక ఒకట్రెండేళ్ళు ఉద్యోగం చేస్తే బ్యాంకు దగ్గర నీకంటూ ఒక నిలకడ వస్తుంది. నష్టం సీనియారిటీ, ముందే చెప్పాను. ఇంకోటి, ఉద్యోగంలో పడి మళ్ళీ ఇటు తిరగకపోవచ్చు. అలా తిరగకపోతే అది అంత గట్టి కోరిక కాదని కూడా అనుకోవచ్చు.

వాయుసేన గురించి నువ్వు అడగలేదు. మన పక్కనే దుండిగల్‌లో అకాడమీ ఉంది, శిక్షణ ఖర్చంతా ప్రభుత్వానిదే. డిగ్రీ తర్వాత వాయుసేన ప్రవేశ పరీక్ష ఆఫ్‌క్యాట్ రాయొచ్చు. కానీ ఫ్లయింగ్ బ్రాంచ్ కంటిచూపు విషయంలో చాలా కఠినం. నీ నంబరుతో కష్టం. అందుకని దాన్ని పక్కన పెడుతున్నాను.

మామయ్య చెప్పింది అబద్ధం కాదు, సగమే. టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనాల్లో వాతావరణం బాగుంటుంది, విమానాలు ఎక్కువ. లైసెన్స్‌కి కావాల్సిన 200 గంటల ఫ్లయింగ్ ఇక్కడికంటే త్వరగా పూర్తవుతుంది. కానీ అక్కడ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, చేరాలంటే 1,500 గంటలు ఉండాలి. 2009లో బఫెలో దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత, 2013 నుంచి ఆ నిబంధన వచ్చింది. గుర్తింపు పొందిన కాలేజీలో ఏవియేషన్ డిగ్రీ చేస్తే 1,000 గంటలకు తగ్గుతుంది. అక్కడి పిల్లలు లైసెన్స్ వచ్చాక శిక్షకులుగా పనిచేసి ఆ గంటలు కూడబెట్టుకుంటారు. నీకు అక్కడ అలా స్వేచ్ఛగా పనిచేసే హక్కు ఉండదు. గ్రీన్‌కార్డ్ లేనివాళ్ళను తీసుకోవడానికి అక్కడి ఎయిర్‌లైన్లు సాధారణంగా ముందుకు రావు. కాబట్టి అక్కడి కొరత నీకు ఉద్యోగం ఇవ్వదు. తిరిగొచ్చి లైసెన్స్ మార్పించుకోవాలి, అంటే మళ్ళీ ఇక్కడి పేపర్లు, మెడికల్, టెస్టులు. మామయ్య ఇంట్లో ఉంటే అద్దె మిగులుతుంది, అది మంచిదే. స్కూల్ ఆయన ఇంటికి దగ్గర్లో ఉంటేనే మరి.

ఇక్కడి కొరత సంగతీ చెబుతాను, కన్సల్టెన్సీ వాళ్ళు అమ్మేది దాన్నే. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. ఆ వార్తలు చూసి ఊరూరా పైలట్ కోర్సుల బోర్డులు వెలిశాయి. అదే ఏడాది డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. అంతకుముందు ఏడాది 1,165. 2025 డిసెంబర్‌లో కొత్త విశ్రాంతి నిబంధనలకు సరిపడా పైలట్లు లేక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసినప్పుడు మళ్ళీ అందరూ కొరత కొరత అన్నారు. ఎక్కువ కటకట కెప్టెన్లకు. కెప్టెన్ కావడానికి ఏటీపీఎల్ అనే పైస్థాయి లైసెన్స్ కావాలి, దానికే 1,500 గంటల అనుభవం ఉండాలి. 200 గంటల కొత్త లైసెన్స్ పట్టుకుని బయటికొచ్చినవాళ్ళది వేరే క్యూ. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. అలా ఒక కంపెనీ మూతపడితే అనుభవమున్న పైలట్లంతా మార్కెట్‌లోకి వస్తారు, ఆ క్యూ ఇంకా వెనక్కి పోతుంది. ఉద్యోగం దొరకదని కాదు, లైసెన్స్ వచ్చిన మర్నాడే దొరుకుతుందని లెక్క వేసుకోకూడదు. ఏడాది రెండేళ్ళు ఎదురుచూడాల్సి రావచ్చు. ఆ కాలంలో కూడా లైసెన్స్ చెల్లుబాటులో ఉంచుకోవడానికి ఎగరాలి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలు చూసి నడిపే అర్హత) చెక్ చేయించుకోవాలి. దానికీ డబ్బే.

ఇప్పుడు ఆ 48 లక్షలు. సీపీఎల్‌కి 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో నువ్వు ఒక్కడివే బాధ్యతగా నడిపినవి 100, క్రాస్‌కంట్రీ, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దూరం ఎగరడం, 20, రాత్రిపూట 5. ప్యాకేజీలో ఈ 200 ఉంటాయి. మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉన్నాయా? ఒక్కో దశలో అదనంగా రెండు మూడు గంటలు కావాలంటే గంటకు ఎంత? హాస్టల్, పరీక్ష ఫీజులు, స్కిల్ టెస్ట్, జీఎస్‌టీ? ఇవన్నీ కలిపితే 55 లక్షలు దాటడం మామూలే. ఆ తర్వాత ఎయిర్‌బస్ 320 లాంటి విమానం నడపాలంటే టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికే ప్రత్యేకమైన శిక్షణ, అర్హత. దానికి ఇంకో 15 లక్షలు అటూఇటూ. ఎయిర్‌లైన్ల సొంత క్యాడెట్ ప్రోగ్రాముల్లో వడపోత ముందే జరుగుతుంది, ఉద్యోగం మీద కొంత భరోసా ఉంటుంది. కానీ ఖర్చు కోటి దాకా, కొన్నిట్లో ఆ పైన. అంటే కరీంనగర్ ప్లాటు అమ్మినా పూర్తి ఖర్చు రాదు. దారి సగంలో ప్లాటూ ఉండదు, లైసెన్సూ ఉండదు. నన్ను భయపెట్టేది ఇదే.

బ్యాంకులు పైలట్ శిక్షణకు విద్యారుణం ఇస్తాయి, కానీ ఇంత మొత్తానికి తాకట్టు అడుగుతాయి. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు అనుకుంటే నెలకు 55 వేల పైన వాయిదా. శిక్షణ కాలంలో పెరిగే వడ్డీ దీనికి అదనం. ఉద్యోగం ఉంటే కట్టగలవు. ఉద్యోగం కోసం ఎదురుచూసే కాలంలో ఆ వాయిదా ఎరువుల దుకాణం మీద పడుతుంది. ఉద్దెర మీద నడిచే వ్యాపారంలో, పంట పోయిన ఏడాది ఆ 55 వేలు ఎక్కడి నుంచి వస్తాయో నాన్నతో కూర్చుని లెక్క వేయి.

ప్లాటు చెల్లి పెళ్ళి కోసం కొన్నదని నువ్వే రాశావు. ఆమెను ఎవరైనా అడిగారా? ఇంటర్ చదివే పిల్లకు లెక్క అర్థం కాకపోదు. పెళ్ళికే కాదు, రేపు ఆమె చదువుకీ అదే ఆధారం కావచ్చు. అమ్మడానికి బదులు తాకట్టు పెట్టడం, లేదా "ఇంతవరకే, దీని తర్వాత ఆపేద్దాం" అని ముందే ఒక హద్దు గీసుకోవడం, ఈ రెండూ ఆమె ఎదురుగానే మాట్లాడుకోండి.

నాన్న "నీ ఇష్టం" అన్నది ఒప్పుకోవడం కాదు, కాదనడమూ కాదు. ఆయన ముందు ఇప్పుడున్నది నీ కోరిక, ఒక బ్రోషర్. దాని మీద ఆయన ఏం మాట్లాడగలడు? మెడికల్ రిపోర్టులు, నువ్వు స్వయంగా వెళ్ళి చూసిన రెండు మూడు స్కూళ్ళ వివరాలు, ఏ నెలలో ఎంత ఖర్చో రాసిన ఒక కాగితం పెట్టు. ఎరువుల వ్యాపారం చేసే మనిషికి లెక్క చూపిస్తే ప్రశ్నలు వస్తాయి. ఆ ప్రశ్నలు నీకు పనికొస్తాయి.

స్కూళ్ళు చూసేటప్పుడు ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పే మాటలు వదిలేసి విమానాలు నిలిపే షెడ్డు, హ్యాంగర్ దాకా వెళ్ళు. ఎన్ని విమానాలు ఉన్నాయని కాదు, ఈ వారం ఎన్ని ఎగిరాయని అడుగు. ఎంతమంది విద్యార్థులు, ఎంతమంది శిక్షకులు? వాళ్ళు గొప్పగా చూపించే టాపర్‌తో కాకుండా, రెండేళ్ళుగా అక్కడే ఉన్న కుర్రాడితో టీ తాగు. పద్దెనిమిది నెలల కోర్సు ముప్ఫై నెలలు ఎందుకవుతుందో అతనే చెప్తాడు. వాన, ఉత్తరాదిలో చలికాలపు మంచు, తనిఖీకని షెడ్డుకు వెళ్ళి ఎన్నాళ్ళైనా బయటికి రాని విమానం, మానేసి వెళ్ళిపోయిన శిక్షకుడు. 2025 నుంచి డీజీసీఏ స్కూళ్ళకు గ్రేడ్లు ఇస్తోంది, మొదటి విడతలో పై రెండు గ్రేడ్లు ఒక్క స్కూలుకూ రాలేదు. అదీ చూసుకో. డబ్బు మొత్తం ఒకేసారి కట్టమనే చోట చేరకు. ఎగిరిన గంటల ప్రకారం వాయిదాలు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అన్నది కాగితం మీద ఉండాలి.

అమ్మ భయాన్ని తీసిపారేయకు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లాలో శిక్షణ విమానం కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రెయినీ పైలట్ చనిపోయింది. ఇలాంటివి తరచుగా జరగవు, కానీ జరుగుతాయి. స్కూల్ ప్రమాదాల చరిత్ర అడగడం నీ హక్కు. అడిగితే చిరాకుపడే చోటి నుంచి బయటికి వచ్చెయ్.

నేనైతే ఏం చేస్తానని నువ్వు అడగొచ్చు. బ్యాక్‌లాగ్‌లు రాస్తూ, ఈ సెమిస్టర్ సెలవుల్లోనే క్లాస్ 2 చేయించుకుని, ఒక గంట ఎగిరి వస్తాను. ఆ రెండూ బాగుంటే క్లాస్ 1. అంతవరకు కాలేజీ మానను. క్లాస్ 1 చేతికొచ్చాక కూడా మానేయాలనే అనిపిస్తే, ఇంట్లో డబ్బు హద్దు తేలితే, అప్పుడు మానేయడం తొందరపాటు కాదు. డబ్బు హద్దు తేలకపోతే బీటెక్ పూర్తిచేయడమే నాకు కనిపించే దారి. నీ ఇంటి పరిస్థితి నాకంటే నీకే తెలుసు.

చివరికి ఇంగ్లిష్. లైసెన్స్ మీద ఇంగ్లిష్ లెవల్ కనీసం 4 అని రావాలి, అది అంతర్జాతీయ నియమం. ఆర్‌టీఆర్ అనే రేడియో పరీక్షలో ఎదురుగా కూర్చున్న పరీక్షకుడు కంట్రోలర్‌లా మాట్లాడుతుంటే నువ్వు పైలట్‌లా జవాబివ్వాలి. చాలామంది వణికేది అక్కడే. అక్కడ కావాల్సింది గొప్ప ఇంగ్లిష్ కాదు. ముందే నిర్ణయించిన కొన్ని వందల పదబంధాలు, తడబడకుండా, ఎదుటివాడు చెప్పిన అంకెలు తప్పు పోకుండా తిరిగి చెప్పడం. విదేశీ విమానాశ్రయాల కంట్రోలర్ల సంభాషణలు యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి. రోజూ కాసేపు విని, పైలట్ జవాబు చెప్పకముందే ఆపి, నువ్వు పైకి చెప్పి చూడు. మొదటి నెల ఏమీ అర్థం కాదు. హాస్టల్ రూమ్మేట్లు నవ్వుతారు కూడా.